ఫోర్కు కొనేముందు టేపు తియ్యండి

సైకిలు గురించి పేపరుకు రాస్తానంటే మా సైటులో వాళ్ళు నవ్వారు. నవ్వనివ్వండి. మా రూంలో ఉండే కరీంనగర్ తమ్ముడు కాలర్ బోను విరిగి ఆరు వారాలు మంచం మీద ఉన్నాడు. అందులో నా తప్పు కూడా ఉంది కాబట్టే రాస్తున్నాను.

ఆదివారం తెల్లవారుజామున దుబాయ్‌లో అల్ ఖుద్రా సైకిల్ ట్రాక్ వైపు వెళ్తే ఇప్పుడు మనవాళ్ళు కూడా కనిపిస్తున్నారు. ఆఫీసు ఉద్యోగాల వాళ్ళు కొత్త కార్బన్ సైకిళ్ళు కొంటారు. మాలాంటి సైటు మనుషులం దేశం వదిలి వెళ్ళే తెల్లవాళ్ళ దగ్గర పాత స్టీలు రేసు సైకిలు చవగ్గా కొంటాం. సైకిలు బాగానే ఉంటుంది, చిక్కంతా చక్రంతోనే. 1980ల దాకా వచ్చిన చాలా రేసు సైకిళ్ళకు 27 అంగుళాల చక్రాలు ఉండేవి. ఇప్పుడు ఏ షాపుకు పోయినా 700సి టైర్లే. అందుకని చక్రాలు మార్చుకుంటాం. అప్పుడు షాపువాడు మెల్లగా, "ఫోర్కు కూడా మార్చాలి భాయ్" అంటాడు.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. ఈ మార్పిడికి చాలా సైకిళ్ళకు కొత్త ఫోర్కు అక్కర్లేదు. వంగిపోయో, తుప్పు పట్టో ఉంటే తప్ప పాతదాన్ని ముట్టుకోవద్దు.

అంగుళాల పేర్లు నమ్మితే మోసపోతాం. టైరు పక్కన చిన్న అక్షరాల్లో ఇంకో అంకె ఉంటుంది, అది చూడాలి. మన ఊళ్ళో పాలవాళ్ళు తొక్కే 28 అంగుళాల సైకిలు రిమ్ము 635 మిల్లీమీటర్లు. 27 అంగుళాలది 630. 700సి అంటే 622, యూరప్‌లో దాన్నే 28 అని కూడా అంటారు! పేరు పెద్దది, చక్రం చిన్నది. 630 లోంచి 622 తీస్తే 8. అది వ్యాసం కాబట్టి రిమ్ము అంచు దిగేది 4 మిల్లీలే. బ్రేకు రబ్బర్లు 4 మిల్లీలు కిందికి జరిగితే పని అయిపోయింది. బ్రేకు చేతికి ఉన్న గాటులో అంత చోటు సాధారణంగా ఉంటుంది. లేకపోతే చేతులు పొడుగున్న బ్రేకు దొరుకుతుంది. మామూలు రేసు బ్రేకు బోల్టు నుంచి రిమ్ము మధ్యకు 39 నుంచి 49 మిల్లీల దాకా అందుకుంటుంది, పొడుగుది 47 నుంచి 57 దాకా. ఒకటే జాగ్రత్త. కొత్త బ్రేకులకు నట్టు ఫోర్కు లోపలికి దిగుతుంది, పాత ఫోర్కుకు వెనక రంధ్రం ఆ సైజులో ఉండదు. పాత రకం బోల్టున్నది అడగాలి.

ఇంకో మాట షాపువాడు చెప్పడు. ఫోర్కు మారిస్తే ముందు చక్రం సంగతే తేలుతుంది. వెనక చక్రం కూడా 4 మిల్లీలు దిగింది కదా, దానికి ఏ ఫోర్కు వేస్తారు?

నేను అడగలేదు. డిప్లొమా చదివి, సైటులో స్టీలు రాడ్డుకు కూడా వెర్నియర్ పెట్టి చూసేవాణ్ణి, గ్రీన్ ట్యాగ్ లేని స్కాఫోల్డింగ్ మీదికి ఎవర్నీ ఎక్కనివ్వనివాణ్ణి, అక్కడ మాత్రం "సరే పెట్టు" అన్నాను. వాడు పెట్టిన ఫోర్కు ఇరుసు నుంచి పైభాగం దాకా పాతదానికన్నా 6 మిల్లీలు పొడుగు. చక్రం 4 మిల్లీలు తగ్గింది. మొత్తం 10. గాటులో మిగిలిన చోటు 5. అంటే రబ్బరు సగం రిమ్ముకు, సగం టైరుకు తగులుతోంది. బ్రేకు పట్టినప్పుడల్లా టైరు గోడ అరుగుతోంది. ఈ లెక్కంతా నేను వేసింది తమ్ముడు పడ్డాక. ఆ రోజు వాడు నా సైకిలు అడిగి తీసుకెళ్ళాడు. దిగుడులో బ్రేకు పట్టాడు, ముందు టైరు పేలింది. ఆరు వారాల ఓటీ పోయింది. చెల్లెలి పెళ్ళికి తెచ్చిన అప్పు వడ్డీ మాత్రం ఆగలేదు. వాళ్ళమ్మ ఫోన్ చేసి నన్నొక్క మాట కూడా అనలేదు, అదే కష్టంగా ఉంది.

నిజంగానే ఫోర్కు మార్చాల్సి వస్తే టేపు, వెర్నియర్ రెండూ తీసుకెళ్ళండి. మొదట ఇరుసు నుంచి పైభాగం దాకా పొడుగు. సైకిలు రెండు ఇరుసుల మధ్య దూరం సుమారు ఒక మీటరు. ఫోర్కు 10 మిల్లీలు మారితే మనం బాత్రూం ఫ్లోరుకు ఇచ్చే స్లోపు అంత తేడా, నూటికి ఒకటి. కోణంలో అర డిగ్రీ పైచిలుకు. హ్యాండిల్ పట్టుకోగానే తెలుస్తుంది. తరువాత పైకి వెళ్ళే గొట్టం. పాతవాటికి అంగుళం, కొత్తవాటికి అంగుళం ఒక నూలు. అది పట్టదు, గొడవ లేదు. గొడవంతా అంగుళం వాటిలోనే. కింది బేరింగు రింగు కూర్చునే చోటు కొన్నింటికి 26.4, కొన్నింటికి 27 మిల్లీలు. కంటికి ఒక్కలాగే ఉంటాయి. పెద్ద రింగు చిన్నదాని మీద పెడితే ఊగుతుంది, చిన్నదాన్ని పెద్దదాని మీద సుత్తితో కొడితే పగులుతుంది. మరలున్న గొట్టమైతే పొడుగు కూడా పాతదానితో సరిచూడాలి. పొడుగైతే కోయొచ్చు, పొట్టిదైతే చేసేదేం లేదు. ముందుకున్న వంపు కూడా పాతదానికి దగ్గరగా ఉండాలి.

కొందరు ఇంకా లావు టైర్ల కోసం 700సి నుంచి 650బి కి దిగుతున్నారు. అది 584. రిమ్ము అంచు 19 మిల్లీలు దిగుతుంది. మామూలు రిమ్ము బ్రేకు అందదు, అక్కడ ఫోర్కు మాట రావడం న్యాయమే. డిస్క్ బ్రేకు ఫోర్కు వేస్తే రిమ్ము సైజుతో పని లేదు. కానీ వెనక్కి ఏం చేస్తారో ముందే తేల్చుకోండి. సెకండ్ హ్యాండ్ కార్బన్ ఫోర్కు మాత్రం ఊరికే ఇచ్చినా నేను తీసుకోను. స్టీలు వంగితే కనబడుతుంది, కార్బన్ లోపల చిట్లితే పైన పెయింటు నవ్వుతూనే ఉంటుంది.

పాత ఫోర్కు షాపు వెనక తుక్కులో దొరికింది. కడిగి, గ్రీజు పెట్టి మళ్ళీ అదే బిగించాను. రెండు చక్రాలకూ పొడుగు బ్రేకులు వేశాను. తమ్ముడు మళ్ళీ తొక్కుతున్నాడు. ఎక్కేముందు ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, బ్రేకు నొక్కి, రబ్బరు ఎక్కడ తగులుతుందో వాడే చూసుకుంటాడు. నేను చూస్తానంటే వద్దన్నా అంటాడు.