పేర్లు పెట్టిన మగవాళ్లు
భారతీ ముఖర్జీ 1989లో రాసిన ‘జాస్మిన్’ నవలను స్త్రీ స్వేచ్ఛ కథగా మెచ్చుకునేవాళ్లున్నారు. నాకు మాత్రం అనుమానమే. పంజాబు పల్లెపిల్ల జ్యోతిని పెళ్లాడిన ప్రకాశ్ జాస్మిన్ అన్నాడు. అమెరికా చేరాక న్యూయార్క్‌లో టేలర్ ఆమెను జేస్‌ని చేశాడు. అయోవా బ్యాంకరు బడ్‌కు ఆమె జేన్. బడ్‌ను లాగింది ఆమెలోని పరాయితనం, తూర్పుదేశపు మర్మం. ఆమె గతమంటే మటుకు అతనికి భయం, అడగడు. జాతి చూపు తిట్టుగానే రానక్కర్లేదు, మోజుగానూ వస్తుంది. ఆడవాళ్ల విషయంలో మరీనూ. ముఖర్జీ దీన్ని భలే పట్టుకున్నారు. కానీ ఫ్లోరిడాలో తనను చెరిచినవాణ్ణి చంపి నిలబడ్డ మనిషి, చివరికి బడ్‌ను వదిలి కాలిఫోర్నియా బయల్దేరేదీ టేలర్ వెంటే! దాన్ని విముక్తి అనడానికి నాకు నోరు రావడం లేదు.