నాన్న ఎక్కిన మొదటి ఓడ

అమెరికాకి వచ్చిన అమ్మానాన్నల్ని మనం ఎక్కడికి తీసుకెళ్తాం? నయాగరా, గుడి, అవుట్‌లెట్ మాల్. నా లిస్టూ అంతే. నాన్న మాత్రం ఫోన్‌లో ఓడలు ఎక్కడున్నాయో చూపించే యాప్ తెరిచి, "ఇక్కడికి వెళ్దామా?" అన్నారు. మిషిగన్ పైకొసన సూ లాక్స్! డెట్రాయిట్ నుంచి ఐదు గంటలకు పైనే డ్రైవ్. ఓడల్ని చూడ్డానికి అంత దూరమా అని లోపల విసుక్కున్నా.

లాక్ అంటే ఓడలకు లిఫ్ట్ అనుకోండి. సుపీరియర్ సరస్సు నీళ్లకీ, దిగువ నదికీ మధ్య దాదాపు 21 అడుగుల తేడా. ఓడ మెట్లు ఎక్కలేదు కదా! అందుకే దాన్ని రెండు గేట్ల మధ్యకి రప్పించి, వెనక గేటు మూసి, నీళ్లు నింపుతారు. తోడే పంపులే లేవు. ఎగువ నీళ్లు పల్లానికి వాటంతటవే వస్తాయి.

మా టూర్ బోటు నిండా మెడలో కెమెరాలు వేసుకున్న ఓడల పిచ్చోళ్లే. గోడ మీది తడి నాచు మెల్లగా కిందికి జారుతుంటే, పైకి వెళ్తున్నది మేమేనని అర్థం కావడానికి నాకు నిమిషం పట్టింది.

పక్కనే 1,200 అడుగుల పో లాక్. అందులోకి ఓ పెద్ద ఓడ వస్తోంది. "లోడు మీదుంది, ఎంత మునిగిందో చూడు. ఐరన్ ఓరే అయ్యుంటుంది" అన్నారు నాన్న. గైడ్ మైకులో సరిగ్గా అదే చెప్పాడు. తర్వాత డెక్ మీదున్న పొడవాటి చెయ్యి చూసి నాన్న లేచి నిలబడిపోయారు. "ఒరేయ్, కన్వేయర్ బెల్టు ఓడలోనే ఉందిరా! సరుకు అదే దించుకుంటుంది!"

నాన్న వైజాగ్ పోర్టులో బెల్టు మెకానిక్. బైలదిల్లా ఓరు ఓడల్లోకి ఎక్కించే బెల్టులే ఆయన జీవితం. సాయంత్రం ఎర్ర దుమ్ముతో ఇంటికొచ్చేవారు. స్కూల్లో నేను మాత్రం "మా నాన్న పోర్టులో ఆఫీసర్" అని చెప్పేవాణ్ని. ఆయనకి ఆ సంగతి తెలుసో లేదో ఇప్పటికీ అడగలేదు.

"అన్నేళ్లలో ఒక్కసారైనా ఓడ ఎక్కావా నాన్నా?"

"మా పని గట్టు వరకేరా. ఇదే మొదలు."

వచ్చేటప్పుడు ఐదు గంటలూ ఆయనే మాట్లాడారు. బెల్టు తెగిన రాత్రులు, వానలో ముద్దకట్టే ఓరు, ఓడ ఆలస్యమైతే పడే తిట్లు... పాటలు పెట్టాలనిపించలేదు.

మీరూ వెళ్లాలనుకుంటే వేసవి మంచిది. జనవరి 15 నుంచి మార్చి 25 వరకు లాక్స్ మూసేస్తారు. బోటు టికెట్ దొరక్కపోయినా గట్టు మీద ప్లాట్‌ఫాం నుంచి ఫ్రీగా చూడొచ్చు. పక్కన మీ నాన్న ఉంటే, ఆయన పని గురించి ఒక్క ప్రశ్న అడగండి. ఆఫీసర్ సంగతి... వచ్చే ఆదివారం ఫోన్‌లో చెప్పేస్తా.