యాభై గంటలు ఎవరివి?

పాఠశాల ఉపాధ్యాయులకు ఉద్యోగంలో చేరిన తరువాత విశ్వవిద్యాలయ స్థాయి చదువు అక్కరలేదనీ, బోధన పద్ధతులపై ఏటా జరిపే స్వల్పకాలిక శిక్షణ చాలుననీ, అంతకు మించి చదివేవారు జీతం పెంపు కోసమే చదువుతారనీ ఒక అభిప్రాయం విద్యాశాఖల్లోనూ పాఠశాలల యాజమాన్యాల్లోనూ స్థిరపడిపోయింది. ఈ అభిప్రాయంలోని మూడు మాటలూ తప్పే. ఐచ్ఛిక స్నాతకోత్తర పాఠ్యాంశం అంటే, ఎం.ఏ. లేదా ఎం.ఎస్సీ. స్థాయిలో బోధించే విషయాల్లో తనకు కావలసిన ఒకదాన్ని ఉపాధ్యాయుడు తానే ఎంచుకొని, పూర్తి పట్టా కోర్సులో చేరకుండానే ఒక సెమిస్టరు చదివి, పరీక్ష రాసి, అందుకు తగిన క్రెడిట్లు పొందడం. బోధన వృత్తికి దీనికంటే సూటిగా ఉపకరించే చదువు మరొకటి లేదు.

ముందుగా జీతం సంగతి. తమిళనాడులో ప్రభుత్వోద్యోగులు అదనపు అర్హత సంపాదిస్తే ముందస్తు ఇంక్రిమెంట్లు ఇచ్చే ఏర్పాటు చాలాకాలం ఉండి, 2020 మార్చిలో రద్దయింది. ఉపాధ్యాయుల విషయంలో ఆ ప్రోత్సాహకం పూర్తి పట్టాతో ముడిపడి ఉన్నందువల్ల, ఒక్క విషయాన్ని లోతుగా చదవదలచినవారికి అందులో చోటే లేకపోయింది. పట్టాకు మాత్రమే విలువ కట్టే నియమాన్ని పెట్టి, ఆ నియమం ప్రకారం నడుచుకున్నవారిని పట్టాల కోసం పాకులాడారని తప్పుపట్టడం న్యాయం కాదు. లోపం నియమంలో ఉన్నప్పుడు దిద్దవలసింది నియమాన్నే.

కాలం చాలదనే ఆక్షేపణ లెక్కకు నిలవదు. 2020 నాటి జాతీయ విద్యావిధానం ప్రతి ఉపాధ్యాయుడూ ఏటా కనీసం యాభై గంటలు వృత్తిపరమైన అభ్యసనకు వెచ్చించాలని చెబుతూ, ఆ అభ్యసన వారివారి ఆసక్తులను అనుసరించి సాగాలని కూడా చెప్పింది. ఒక క్రెడిట్‌కు పదిహేను గంటల బోధన చొప్పున నాలుగు క్రెడిట్ల పాఠ్యాంశానికి పట్టేది అరవై గంటలు. అంటే ఇప్పటికే అడుగుతున్న కాలానికి పది గంటలు కలిపితే ఒక పూర్తి స్నాతకోత్తర పాఠ్యాంశం అందులో ఇమిడిపోతుంది. ఆచరణలో మాత్రం యాభై అనే అంకె నిలిచి, ఆసక్తి అనే మాట జారిపోయింది. అంతకుముందే 2019లో మొదలైన నిష్ఠ అనే ఉపాధ్యాయ శిక్షణ కార్యక్రమం దేశమంతటికీ ముందే రూపొందించిన పాఠాలను అందించింది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ ప్రతి ఐదేళ్ల సర్వీసులో రెండు మూడు నెలల సేవాకాల విద్య ఉండాలని సూచించిందన్న సంగతి గుర్తుచేసుకుంటే, కోరిక ఎంతగా కుదించుకుపోయిందో తెలుస్తుంది.

పై పట్టా ఉన్న ఉపాధ్యాయుల తరగతిలో పిల్లలు ఎక్కువ నేర్చుకోవడం లేదని అమెరికాలో జరిగిన పరిశోధనలను కొందరు ఉదాహరిస్తారు. ఆ పరిశోధనల్లో చాలావాటిలో ఏ విషయంలో పట్టా అన్నది విడదీయకుండా అన్నిటినీ ఒకే గంపలో వేశారు. గోల్డ్‌హేబర్, బ్రూవర్ అనే పరిశోధకులు 1997లో వాటిని విషయాలవారీగా విడదీసి చూసినప్పుడు, గణితంలో ఎం.ఏ. ఉన్న గణిత ఉపాధ్యాయుల విద్యార్థులు మెరుగైన ఫలితాలు సాధించినట్లు తేలింది. కనుక ఆ వాదం ఖండించేది సంబంధం లేని పట్టాలనే గాని, బోధించే విషయాన్ని లోతుగా చదవడాన్ని కాదు.

చెన్నైలోని మైలాపూరులో తెలుగు చెప్పే ఉపాధ్యాయుల పరిస్థితి చూస్తే ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక తరగతి చొప్పున పైకి సాగి, తమిళాన్ని తప్పనిసరి చేసింది. దానితో భాషా అల్పసంఖ్యాకుల పాఠశాలల్లో తెలుగుకు మిగిలిన చోటు ఇరుకైంది. ఇంట్లో తరతరాల నాటి తెలుగు మాట్లాడుతూ, వీధిలో తమిళం మాట్లాడుతూ, బడిలో ఇంగ్లీషు చదివే పిల్లవాడు 'చేసినాను' అంటే అది తప్పా, మాండలికమా, తమిళ ప్రభావమా అన్నది తేల్చగలగాలంటే ఉపాధ్యాయుడికి ద్విభాషా అభ్యసనం గురించీ సామాజిక భాషాశాస్త్రం గురించీ, అంటే సమాజంలో భాష మారే తీరును పరిశీలించే శాస్త్రం గురించీ, కొంతైనా తెలిసి ఉండాలి. తెలియనప్పుడు ఎర్ర సిరా ఒక్కటే ఉపాయమవుతుంది. పిల్లవాడు తన ఇంటి భాషకు సిగ్గుపడడం నేర్చుకుంటాడు. ఇది చిన్న నష్టం కాదు. అట్లాగే తంజావూరు, మదురై ఆస్థానాల్లో పుట్టిన యక్షగానాలనూ వచన రచనలనూ చదివిన ఉపాధ్యాయులు, తెలుగు ఎక్కడో ఎగువన ఉన్న రాష్ట్రాల సొత్తు కాదని, ఈ నేల మీదే పెరిగిందని తరగతిలో నిలబడి చెప్పగలరు. నిడుదవోలు వెంకటరావు వంటి పండితులు దాక్షిణాత్య తెలుగు సాహిత్యాన్ని పరిశోధించినది మద్రాసు విశ్వవిద్యాలయంలోనే. ఆ జ్ఞానం మైలాపూరు తరగతి గదికి చేరడానికి నేడు దారి లేదు; ఏ రాష్ట్రవ్యాప్త శిక్షణా ఈ అవసరాన్ని ఊహించి పాఠం రాయలేదు. అవసరమేమిటో తెలిసినది తరగతిలో ఉన్న ఉపాధ్యాయులకే కనుక ఎంపిక వారి చేతిలో ఉండాలి.

సంసార బాధ్యతలున్న పెద్దవారు తీరిక చేసుకొని చదవలేరన్న మాటకు మైలాపూరే సమాధానం ఇచ్చింది. సంఘసేవకురాలు దుర్గాబాయి 1937లో నెలకొల్పిన ఆంధ్ర మహిళా సభ, బడి మానేసిన స్త్రీలను బెనారస్ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్‌కు సిద్ధం చేసింది. వారి జీవితాలకు అనువుగా చదువును మలిచారు గనుకనే అది సాధ్యమైంది.

ఉపాధ్యాయుల కోసం చేయవలసిన ఏర్పాటు అంతకంటే కష్టమైనది కాదు. విడి పాఠ్యాంశాల క్రెడిట్లను కూడబెట్టుకునేందుకు 2021లోనే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఏర్పడింది. ఆ పాఠ్యాంశాన్ని వార్షిక శిక్షణ గంటలుగా లెక్కించాలి. రుసుము పాఠశాల గాని ప్రభుత్వం గాని భరించాలి. పరీక్షకు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. తరగతులు శనివారాల్లో జరగాలి. మైలాపూరులోని తిరుమయిలై స్టేషనులో రైలెక్కినవారికి మద్రాసు విశ్వవిద్యాలయం ఉన్న చేపాక్ నాలుగో స్టేషను.