గీతా? త్రీడీయా?

పాచికలు వేస్తూ నలుగురూ కలిసి కథ అల్లుకునే ఆట ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో అమెరికాలో పుట్టింది. బల్ల చుట్టూ ఎంతమంది కూర్చుంటే అన్ని డ్రాగన్లు! ఎవరి ఊహ వారిది.

అలాంటి ఆటను కార్టూన్ సీరియల్‌గా తీయాలంటే త్రీడీయే మేలంటారు కొందరు. నేనొప్పుకోను. పొలుసు పొలుసూ చూపించేస్తే చూసేవాడు ఊహించుకోవడానికి ఇంకేం మిగిలింది? పైగా ఈ ఆటలో ఇప్పుడు నవ్వు, మరుక్షణం చావు. ఆ మలుపు గీతకు లొంగినంత సులువుగా త్రీడీ బొమ్మకు లొంగదు.

‘ది లెజెండ్ ఆఫ్ వాక్స్ మకీనా’కు 2019లో అడిగింది 7.5 లక్షల డాలర్లయితే, అభిమానులిచ్చిన చందా 1.13 కోట్లు. అంత సొమ్ము చేతికొచ్చినా టిట్‌మౌస్ స్టూడియో వారు పాత్రలను గీతల్లోనే నిలిపారు.

హంగులు డబ్బుతో కొనొచ్చు మిత్రులారా! ఊహకు చోటు మాత్రం గీసేవాడే వదలాలి.