మార్కుల గడిలో హాజరు

ప్రోగ్రాము రాయడం వస్తే దానిని నిర్మించడం కూడా వచ్చినట్లేనన్న భావన ప్రయోగశాలల్లో పాతుకుపోయి ఉంది. అది సరికాదని విద్యార్థి మిత్రులకు, కళాశాల కమిటీ పెద్దలకు విన్నవించదలచాము.

సి భాషలో పెద్ద ప్రోగ్రాము ఒకే ఫైలులో ఇమడదు. ఒక్కొక్క మూల ఫైలును కంపైలరు విడిగా ఆబ్జెక్ట్ ఫైలుగా మారుస్తుంది. లింకరు వాటన్నిటినీ కలిపి ఒక ప్రోగ్రాముగా కూర్చుతుంది. ఒక ఫైలును దిద్దినప్పుడు వేటిని తిరిగి కంపైలు చేయాలన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో స్టీవ్ జాన్సన్ లేని దోషం కోసం ఒక ఉదయమంతా వృథా చేసుకున్నారు. దోషం అప్పటికే దిద్దబడింది. దిద్దిన ఫైలును కంపైలు చేయడమే జరగలేదు. ఆ అనుభవం నుండే ఆయన సహచరుడు స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో 'మేక్' అనే సాధనాన్ని రూపొందించారు. ఈ కృషికి 2003 సంవత్సరపు ఏ.సీ.ఎం. సాఫ్ట్‌వేర్ సిస్టమ్ పురస్కారం ఆయనకు లభించింది.

మేక్ సూత్రం సులభమైనది. తయారైన ఫైలు కంటె దానికి ఆధారమైన ఫైలు కొత్తదైతే, మేక్ దానిని మళ్ళీ తయారు చేస్తుంది. అయితే ఏ ఫైలుకు ఏ హెడరు ఆధారమో మేక్‌ఫైలులో తెలుపవలసినది మనమే. మనం తెలుపని హెడరు సంగతి దానికి తెలియదు.

ఒక విద్యార్థి రికార్డునే తీసుకుందాం. హెడరు ఫైలులో రోల్ నంబరు, మార్కులు అనే రెండు పూర్ణాంకాలు వరుసగా ఉన్నాయి. ప్రధాన ఫైలు రికార్డును నింపుతుంది. ముద్రణ ఫైలు ఆ రికార్డు చిరునామాను అందుకొని మార్కులను అచ్చువేస్తుంది. ఆ రెండింటి నడుమ హాజరు శాతాన్ని చేర్చి, ప్రధాన ఫైలును తగినట్లు దిద్దామనుకుందాం. ముద్రణ ఫైలుకు ఆ హెడరు ఆధారమని మేక్‌ఫైలులో లేదు. కనుక ప్రధాన ఫైలు మాత్రమే తిరిగి కంపైలు అవుతుంది. పాత ముద్రణ ఆబ్జెక్ట్‌కు రెండవ అంశమే మార్కులు. ఫలితంగా హాజరు 92, మార్కులు 41 గల విద్యార్థికి 92 మార్కులు అచ్చవుతాయి! లింకరు పేర్లను జతపరుస్తుందే గాని సి రకాలను పోల్చి చూడదు. కాబట్టి హెచ్చరిక ఒక్కటైనా రాదు. మూల ఫైళ్ళను ఎన్నిసార్లు చదివినా తప్పు కనిపించదు, ఎందుకంటే తప్పు వాటిలో లేదు.

ప్రతిసారీ పాత ఆబ్జెక్ట్ ఫైళ్ళన్నిటినీ చెరిపి కొత్తగా నిర్మిస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. మూడు ఫైళ్ళకు సరిపోతుంది. వేలాది ఫైళ్ళున్న ప్రోగ్రాములో ఒక్క పంక్తి మార్పుకు ఎంతసేపు వేచి ఉండగలం? పైగా అలవాటుతో కప్పిపుచ్చిన లోపం లోపంగానే మిగులుతుంది.

హెడర్ల పట్టికను చేతితో రాస్తే ఏదో ఒకనాడు మరచిపోతాం. ఏ ఫైలు ఏ హెడరును చేర్చుకున్నదో కంపైలు చేసే సమయంలో కంపైలరుకే తెలుస్తుంది. జీసీసీకి 'ఎం.ఎం.డి.' అనే ఐచ్ఛికాన్ని ఇస్తే ఆ పట్టికను అదే రాసిపెడుతుంది. దానిని మేక్‌ఫైలులో చేర్చుకుంటే చాలు. పరీక్షించే మార్గమూ తేలికే. 'టచ్' ఆదేశంతో ఒక హెడరు కాలముద్రను మార్చి, మేక్‌ను నడపాలి. ఆ హెడరును చేర్చుకున్న ఫైళ్ళలో ఏ ఒక్కటి తిరిగి కంపైలు కాకపోయినా పట్టిక అసంపూర్ణమే.

కనుక సి ప్రయోగాలలో కనీసం ఒకటి బహుళ ఫైళ్ళతో ఉండాలనీ, ప్రాక్టికల్ పరీక్షలో ఈ టచ్ పరిశీలనకు కొన్ని మార్కులు కేటాయించాలనీ కమిటీ వారిని కోరుతున్నాము. ఇందుకు కొత్త యంత్రాలు గాని, అదనపు వ్యయం గాని అక్కరలేదు. మన విద్యార్థులు రేపు బ్యాంకు లెక్కలకో, ఆసుపత్రి రికార్డులకో ప్రోగ్రాములు నిర్మించవచ్చు. అక్కడ ఒక గడిలోని అంకె మరొక గడిలో పడితే నష్టపోయేది ప్రోగ్రాము రాసినవారు కాదు, ఆ అంకెను నమ్మినవారు.