బంగాళాదుంపల మీద గుడ్లు

గుడ్డు ముట్టని ఇండ్లవారు ఈ పుట తిప్పివేయవచ్చును. తక్కిన సోదరీమణులతోనూ, అంతకంటె ఎక్కువగా వారి భర్తలతోనూ ఈ నెల మాకు పని ఉన్నది.

ఆదివారంనాడు మన ఇండ్లలో జరిగేదేమిటి? స్నానాలు ముగించి అందరూ ఒకచోట చేరేసరికి పది దాటుతుంది. అది పలహారమూ కాదు, భోజనమూ కాదు. ఒకరికి ఆమ్లెట్టులో ఉల్లిపాయ ఉండాలి, ఒకరికి ఉండకూడదు. ఇల్లాలు ఒక్కొక్కటే వేసి అందిస్తూ పొయ్యి దగ్గర నిలబడే ఉంటుంది. ఆమె పళ్ళెం ముందు కూర్చునేసరికి తక్కినవారు చేతులు కడుక్కుని పేపరు పట్టుకుంటారు. వారంలో ఆరు రోజులూ ఆఫీసు వేళలకు పరుగులే గదా, ఆ ఒక్క పూటైనా ఆమె అందరితో కలిసి తినవద్దా?

ముంబయిలోని మనవారికి ఉపాయం పొరుగునే ఉన్నది. పార్సీలు బెండకాయ కూర మీదా, టొమాటో కూర మీదా కూడా గుడ్లు కొట్టి మగ్గిస్తారు. వారి గుజరాతీలో ‘పపేతా పర్ ఈడు’ అంటే బంగాళాదుంపల మీద గుడ్డు, అంతే. పేరు విని బెదరనక్కరలేదు.

ఆరుగురికి అరకిలో బంగాళాదుంపలు, 3 ఉల్లిపాయలు, 4 పచ్చిమిరపకాయలు, కొంచెం అల్లం వెల్లుల్లి, గుప్పెడు కొత్తిమీర, 6 గుడ్లు చాలును. దుంపలను పలుచని బిళ్ళలుగా తరగాలి. ఈ తరుగుడు మగవారిది. ఫైళ్ళు తిప్పే చేతులకు అదేమంత కష్టం కాదని మేము పూచీ ఇస్తున్నాము. అడుగు మందంగా, వెడల్పుగా ఉన్న గిన్నెలో నూనె పోసి ఉల్లిపాయలు, మిరపకాయలు, అల్లం వెల్లుల్లి వేయించి, దుంపలూ ఉప్పూ వేసి, కాసిని నీళ్ళు చిలకరించి మూతపెట్టి ఉడికించండి. ఇంతవరకు ముందుగానే చేసి ఉంచవచ్చును.

అందరూ వచ్చి కూర్చున్న తరువాతనే గుడ్ల మాట. కూరను మళ్ళీ వేడిచేసి, తడి ఆరిపోయి ఉంటే ఇంకాస్త నీరు చల్లి, గరిటె వెనుకతో 6 గుంటలు చేయండి. ఒక్కొక్క గుడ్డును ముందు కప్పులో కొట్టి చూచి గుంటలో జారవిడవాలి. చెడ్డది ఒక్కటి పడితే ఆరుగురి తిండీ పోతుంది. పైన ఉప్పు, మిరియాలపొడి చల్లి బిగువుగా మూతపెట్టి, మంట బాగా తగ్గించండి.

బొగ్గుల కుంపట్ల రోజులలో మూతమీద కూడా నిప్పులు పోసేవారు, పైనుంచీ కాక తగలాలని. గ్యాసు పొయ్యిమీద ఆ పని లోపలి ఆవిరి చేస్తుంది. తెల్లసొన 62 డిగ్రీల వేడికే పేరుకోవడం మొదలుపెడుతుంది, పచ్చసొన 65 నుంచి 70 లోపల చిక్కబడుతుంది. మరుగుతున్న నీటికే 100 డిగ్రీలు గదా! తొందరపడి మంట పెంచితే అడుగు మాడుతుంది, తెల్లసొన రబ్బరువలె సాగుతుంది, పైభాగం మాత్రం పచ్చిగానే ఉంటుంది. సన్నని సెగమీద 6 నుంచి 8 నిమిషాలు పట్టవచ్చును. ఓవెను ఉన్నవారు 180 డిగ్రీల వద్ద 10 నిమిషాలు ఉంచి చూడవచ్చును. పసిపిల్లలూ గర్భిణులూ ఉన్న ఇంట పచ్చసొన కూడా పూర్తిగా గట్టిపడనివ్వాలి.

ఆ నిమిషాలలో ఇల్లాలికి పొయ్యి దగ్గర పనిలేదు, వచ్చి కూర్చోవచ్చును. కొత్తిమీర చల్లి గిన్నెను అందరి మధ్యకూ తెచ్చి, అట్లకాడతో ఎవరి గుడ్డు వారికి తీసి పెట్టండి, మొదటిది ఆమెకు. పావు రొట్టెగానీ చపాతీగానీ సరిపోతుంది. మా ఇంట పక్కన కాస్త ఆవకాయ కూడా ఉంటుంది. పార్సీ మిత్రులు ఒప్పుకుంటారో లేదో!