తాష్కెంట్‌ను దూరం చేసిందెవరు?

ఢిల్లీ విమానాశ్రయం నుంచి తాష్కెంట్‌కు తిన్నగా కొలిస్తే దాదాపు 1,580 కిలోమీటర్లు. చెన్నై అంతకన్నా దూరం, సుమారు 1,760. మూడు గంటలలోపు ముగియవలసిన ప్రయాణం. కాని ఆ దారి పాకిస్థాన్ మీదుగా పోతుంది. పహల్గాం హత్యాకాండ అనంతరం 2025 ఏప్రిల్ 24న పాకిస్థాన్ భారత విమానాలకు తన గగనతలాన్ని మూసివేసింది. ఏప్రిల్ 30న భారత్ కూడా అదే పని చేసింది. చుట్టుదారిన అంతదూరం ఎగరగల విమానాలు లేక ఇండిగో సంస్థ తాష్కెంట్ సర్వీసులను రద్దు చేసుకొన్నది. 1966 జనవరిలో లాల్ బహదూర్ శాస్త్రి, అయూబ్ ఖాన్ శాంతి ఒడంబడికపై సంతకాలు చేసిన నగరం అదే!

ఈ అస్త్రం కొత్తది కాదు. 'గంగ' విమానాన్ని హైజాక్ చేసి లాహోర్‌లో తగులబెట్టిన పిదప, 1971 ఫిబ్రవరిలో భారత్ తన గగనతలాన్ని నిషేధించగా కరాచీ–ఢాకా విమానాలు శ్రీలంక మీదుగా చుట్టి తిరిగాయి.

ఎవరి ఆకాశంపై వారికే సర్వాధికారమన్న 1944 నాటి షికాగో ఒప్పంద సూత్రాన్ని కాదనేవారు లేరు. కాల్పులు సాగిన రోజులలో మూసివేతకు భద్రతా కారణం ఉన్నది. 2025 మే 10న కాల్పులు ఆగిన తరువాత కూడా నెలనెలా గడువు పొడిగించడానికి ఆ కారణం చాలదు. 2019 నాటి మూసివేతలో ఎయిరిండియాకు జూలై 2 నాటికే 491 కోట్ల రూపాయల నష్టం వాటిల్లింది. అప్పటికది ప్రభుత్వ సంస్థ గనుక ఆ భారం ప్రజలదే. పాకిస్థాన్‌కు రావలసిన రుసుములూ పోయాయి. సైనిక విమానాలపై ఆంక్షలు ఎన్నైనా పెట్టుకోవచ్చు. ప్రయాణికుల విమానాలను వాటి గాటన కట్టడం అన్యాయం.